మంచుదీవి యింటిచదువు



వేసవి సెలవులలో పిల్లలున్న యిల్లు సంతవంటిదని మీకు వేరుగ చెప్పనక్కరలేదు. ఈ యేడు మా చిన్నవాడు దేశదేశముల వింత ఘనతలను గ్రుచ్చియెత్తిన పుస్తకమొకటి తోడి విద్యార్థి నడిగి తెచ్చుకొని, నిద్ర లేచినది మొదలు మమ్ము ప్రశ్నలతో వేధింపసాగెను. మేము మాగాయముక్కలు ఎండలో పరచుచుండగా వెనుకనే నిలిచి, "అమ్మా, అందరికంటె నెక్కువ పాటలు పాడినదెవరు?" అనును. మన సుశీలమ్మగారు ఆరు భారతీయ భాషలలో 17,695 పాటలు పాడి 2016లో గిన్నిస్ గ్రంథమున కెక్కిరని మాకు తెలిసినదే గావున, ఆ పూట మాదే గెలుపైనది. ఆ గ్రంథము పుట్టుటయే యొక తగవునుండియట. 1951లో ఐర్లండునకు వేటకై పోయిన సర్ హ్యూ బీవర్ అను గిన్నిస్ బీరు కంపెనీ పెద్ద, వేటాడు పక్షులలో మిక్కిలి వేగముగ నెగురునది యేది యను వాదమును తీర్చు పుస్తకము దొరకక విసిగెను. 1955లో మొదటి కూర్పు వెలువడినది. మగవారి పంతములవలన లోకమునకు అప్పుడప్పుడు మేలు కలుగుచునే యుండును!

మరునాడు వాడు సాహిత్యమునకు దిగెను. "జనసంఖ్యతో సరిపోల్చినచో సాహిత్యమునకు నోబెల్ బహుమానము పొందిన చిన్న దేశమేది?" సెయింట్ లూసియా. కరీబియన్ సముద్రములోని యా దీవిలో రెండు లక్షల మందియైన లేరు. అందు పుట్టిన డెరెక్ వాల్కాట్ 1992లో సాహిత్యమునకును, ఆర్థర్ లూయిస్ 1979లో అర్థశాస్త్రమునకును బహుమానము లందిరి. ఇద్దరును జనవరి 23వ తేదీననే పుట్టినవారట, పదునైదేండ్ల యెడముతో. ఆ దినమున వారి జ్యోతిష్కులేమి చెప్పియుందురో గాని, మా చిన్నవాడు తాను జనవరిలో పుట్టనందుకు ఒక గడియ చింతించెను.

వాని మూడవ ప్రశ్న మాత్రము మా మనస్సున నాటుకొని నేటికిని వదలలేదు. తల కింత యని లెక్కించినచో పుస్తకములు వెలువరించుటలో మొదటివరుసను నిలుచు దేశము ఐస్‌లాండు. ఉత్తరమున మంచుసముద్రపు టంచున నున్న దీవి. విస్తీర్ణమున మన తెలంగాణమునకు ఇంచుక తక్కువ. జనము మాత్రము నాలుగు లక్షలకు లోపు. పదిమందిలో నొకరు జీవితకాలమున పుస్తకము ప్రకటింతురని అక్కడి వాడుకమాట. ప్రతివాని కడుపులోను ఒక పుస్తకమున్నదని వారు హాస్యమాడుకొందురు. మనకు కడుపులో నున్నవి దాచుకొనుట యలవాటు. వారికి అచ్చువేయుట యలవాటు గాబోలు. ఆ దేశపు హాల్దోర్ లాక్స్‌నెస్ 1955లో నోబెల్ బహుమానము పొందునాటికి దేశమంతయు కలిసి లక్షన్నర మందికి కొంచెము పైగా నుండిరి.

ఈ ప్రశ్న మమ్ము పట్టుకొనుటకు కారణమొకటి కలదు. చెప్పుకొన సిగ్గు, చెప్పక యుండుట కష్టము.

మా పెద్దమ్మాయిని ఆరవ తరగతిలో వేరొక పాఠశాలయందు చేర్పవలసివచ్చినది. మా యింటివారు స్వయముగ ఉపాధ్యాయులు గావున దరఖాస్తు కాగితమును వారే పూర్తిచేసి, సంతకమునకై మా చేతి కిచ్చిరి. తండ్రి విద్యార్హత యను గడిలో వారి పరీక్షల పేర్లు ముత్యములవలె నున్నవి. దాని ప్రక్క తల్లి విద్యార్హత యను గడిలో "లేదు" అని యున్నది.

మేము బాల్యమున కాలి జబ్బుచేత బడికి పోలేకపోతిమి. గోదావరి తీరమున మా తాతగారి పంచన పెరిగితిమి. అమరము, రఘువంశము, ఆంధ్రభారతమున విరాటోద్యోగములు ఆయనయొద్దను, భాగవతము మా అమ్మమ్మయొద్దను చదివితిమి. మా యింటివారు రాత్రివేళ మరునాటి పద్యపాఠము ముందు పెట్టుకొని, సమాసమొకటి చిక్కుపడినప్పుడు మా వైపు చూచుట పదునాలుగేండ్లుగా జరుగుచున్నదే. అట్టివారి చేయి ఆ గడిలో "లేదు" అని వ్రాయుటకు క్షణమైన తడబడలేదు. వారి తప్పనుటకును నోరు రాదు. ఏండ్ల తరబడి పిల్లలను చేర్చుకొనుచు తల్లుల గడిలో ఆ మాట వ్రాసి వ్రాసి ఆ చేతికి అలవాటైపోయినది. "అది పరీక్షలను గూర్చి యడుగు గడి మాత్రమే" యనిరి. మేము సంతకము చేయక, పొయ్యిమీద పాలున్నవని లేచిపోతిమి.

ఆ మధ్యాహ్నము చిన్నవాని పుస్తకము మేమే తీసితిమి. అందున్నవి రెండే వాక్యములు. తక్కినవి మా యింటివారు తమ పాఠశాల గ్రంథాలయమునుండి తెచ్చియిచ్చిన పుస్తకములలో వెదకి చదివితిమి. అడుగకుండగనే తెచ్చిరని యిక్కడ చెప్పుట న్యాయము.

మన తిక్కన సోమయాజి నెల్లూర మనుమసిద్ధి కొలువున నున్న పదుమూడవ శతాబ్దమందే, ఆ మంచుదీవిలో స్నోర్రి స్టుర్లుసన్ అను ప్రభువు పురాణకథలను, రాజుల చరిత్రలను రచించెను. ఈయనయు రాచకార్యము లెరిగినవాడే. కాని యంతము ఘోరము: 1241లో నార్వేరాజు ఆజ్ఞచేత శత్రువులు రేక్‌హోల్ట్ అను చోట ఆయన యింటి నేలమాళిగలోనే చంపిరి. ఆ కాలమునను, తరువాతను పేరు తెలియని వారెందరో వ్రాసిన "సాగా" లనబడు వచనకథలు ఆ జాతికి మన భారతమువంటివి. వారి భాష యీ యెనిమిది వందల యేండ్లలో మిక్కిలి తక్కువగా మారినందున, నేటి పిల్లలు కొద్దిపాటి టీకతో వానిని చదువుకొందురట. ఇది చదివి మా కసూయ కలిగినది. తిక్కన పద్యమును మన యారవ తరగతి పిల్లకు టీకతో నిచ్చినను ఏమగునో మీకు తెలియును.

మనకు తాటాకెట్లో వారికి దూడతోలట్లు. ఫ్లాటేయర్‌బోక్ అను మహాగ్రంథమునకు 113 దూడల తోళ్లు పట్టినవని లెక్క. చెట్లు లేని చలిదేశమున, మేతకే కటకటలాడు రైతులు, కథలు వ్రాసికొనుటకు ఇన్ని దూడలను వెచ్చించిరి! గోవును పూజించు మనకిది రుచింపదు గాని, ఆ వెచ్చింపులోని పట్టుదల మాత్రము రుచించుచున్నది.

తరువాతి కాలమున దేశము డెన్మార్కు రాజుల చేతిలో నుండి, పేదరికమున క్రుంగినది. ప్రాతపుస్తకములు చినుగుటయు మొదలైనది. అప్పుడు అర్ని మాగ్నుసన్ అను పండితుడు 1702 మొదలుకొని పదేండ్లు ఆ దీవి యెల్ల తిరిగి, యింటింట ప్రాతతోళ్లు యాచించి కూర్చెను. మనకు కడపలోను, మచిలీపట్టణములోను కొలువుచేసిన సి. పి. బ్రౌనుదొరగారు నూరేండ్ల పైచిలుకు తరువాత చేసిన పనివంటిది. అర్నికి దొరికిన యాకులలో నొకటి చొక్కా వీపుభాగము కత్తిరించుటకు నమూనాగా మారియున్నది! ఆ యాకు నేటికిని భద్రముగ నున్నది. అక్షరములమీదుగ కత్తెర పోయిన గుర్తు లున్నవి. దీనిని చదివి నవ్వువారు నవ్వవచ్చును. మేము నవ్వలేదు. రవిక కత్తిరించుటకు వార్తాపత్రిక పరచుకొనని యిల్లాలు మనలో నెవ్వరు? చలికి పిల్లలు వణకుచుండగా తనకు తెలియని లిపిలోని తోలు చేతికందిన, ఆ తల్లి మరేమి చేయును?

మా తాతగారి యింట మూడు తాటాకు కట్టలుండెడివి. పసుపుగుడ్డలో చుట్టి దేవునిగూటి ప్రక్కన నుంచెడివారు. వారు పోయిన తరువాత, 2003 గోదావరి పుష్కరములలో, మా బంధువులు వానిని భక్తితో నదిలో విడిచిరి. చదువువారు లేని గ్రంథమును గంగలో కలుపుట పుణ్యమని వారి నమ్మిక. చదువువారము మేముంటిమి. మాకప్పుడు పదునాలుగేండ్లు, ఆడపిల్ల నెవ్వరు నడుగలేదు, మేమును నోరు మెదపలేదు. కట్టలు మునుగక కొంతదూరము తేలిపోవుచుండుట రేవు మెట్లమీద నిలిచి చూచితిమి. అందేమి యుండెనో, అచ్చైన గ్రంథములకు ప్రతులో, లోకమున మరొకటి లేని కావ్యమో! అమ్మమ్మ తన భాగవతములో గుర్తుగా నుంచుకొన్న ఆకొకటి మాత్రము మాకు మిగిలినది. అది ధాన్యపు లెక్క.

అర్ని పుస్తకములను కూర్చుటకు మాత్రమే తిరుగలేదు. డెన్మార్కు రాజు ఆజ్ఞ ననుసరించి, పాల్ వీదాలిన్ అను న్యాయవేత్తతో కలిసి, 1703లో ఆ దీవి జనులనందరిని లెక్కించెను. ఒక దేశమున నున్న ప్రతి మనిషిని పేరుతో, వయస్సుతో, ఇంటిలోని స్థానముతో వ్రాసిన లెక్కలలో లోకమున నిలిచియున్న మొదటిది యిదేనట. మొత్తము 50,358 మంది. 2013లో యునెస్కోవారు దీనిని ప్రపంచ జ్ఞాపకముల పట్టికలో చేర్చిరి. ఇందు మమ్మాకర్షించినది సంఖ్య కాదు. దాసీలు, బిచ్చమెత్తువారు, మంచము పట్టిన ముసలమ్మలు కూడ తమతమ పేర్లతో నుండుటయే. ఇంటాయన పేరు వ్రాసి, క్రింద "ఆడవారు నలుగురు" అని త్రోసివేయలేదు.

పేరు మాట వచ్చినది గావున ఇంకొక వింత. అక్కడివారిలో చాలమందికి మనవలె ఇంటిపేర్లు లేవు. తండ్రి పేరునకో, తల్లి పేరునకో కుమారుడనియో కుమార్తె యనియో చేర్చుకొందురు. వివాహమైనను స్త్రీ పేరు మారదు. గ్రంథకర్తల పట్టికయందును వారు పెట్టిన పేరునుబట్టియే వరుస. మా పేరు పెండ్లినాడు మారినది. మా తాతగారిచ్చిన పుస్తకములమీద ప్రాత ఇంటిపేరును, తరువాత కొన్నవానిమీద క్రొత్తదియు నున్నవి. చూచువారికి ఇద్దరు మనుష్యుల గ్రంథాలయమనిపించును.

ఇక ముఖ్యమైనదానికి వత్తుము. ఇంత చదువు ఆ దీవివారికి ఎక్కడ వచ్చినది? బడులలో కాదు. పల్లెలలో బడులే లేవు. ఇంటికి ఇంటికి నడుమ లావాపొలములు, మంచు, నదులు. నడిశీతకాలమున దక్షిణభాగముననే పగలు నాలుగు గంటలు. మట్టిపెళ్లలతో కట్టిన యిండ్లలో అందరును పండుకొను గది యొకటి యుండెడిది. చీకటి పడినంతనే ఇంటివారు, పనివారు తమతమ మంచములపై కూర్చుండి ఉన్నిపని కారంభింతురు. ఒకరు ఏకుదురు, ఒకరు వడుకుదురు, ఒకరు అల్లుదురు. చేపనూనె దీపము దగ్గర నొకరు కూర్చుండి అందరికి వినబడునట్లు సాగా చదువుదురు. దీనికి వారి భాషలో "క్వోల్ద్‌వాకా" అని పేరు. రాత్రి మేలుకొలుపు అనవచ్చును. పద్యకథలను రాగముతో పాడు బాటసారి వచ్చెనా, వానికి భోజనము, పడక సిద్ధము. పిల్లలు ఉన్ని చిక్కు దీయుచు వినెడివారు. తల్లియో, అవ్వయో దారము వదలకయే అక్షరములు చూపెడిది.

అక్కడి మతగురువులు ఇంటింటికి పోయి, ఎవరు చదువగలరో, ఎంతమాత్రము చదువగలరో పరీక్షించి పుస్తకమున వ్రాయవలెనని 1740 ప్రాంతమున రాజాజ్ఞ వచ్చెను. చదువనేర్చి మతదీక్ష పొందినగాని వివాహమున కర్హత లేదు. చదివిన పిల్లకు పెండ్లి కాదని మన పెద్దలు భయపడుచుండిన కాలమున, అక్కడ చదువని పిల్లకు పెండ్లి కాకుండెను! ఆ పుస్తకములలో ఇంటి యజమానురాలు మొదలు పశువులకాపరి పిల్లవరకు ప్రతివారి పేరునకెదుట చదువు సంగతి వ్రాయబడియున్నది. ఏ బడిలో చదివితివని యడుగలేదు. పుస్తకము చేతికిచ్చి చదువుమనిరి. పదునెనిమిదవ శతాబ్దము ముగియునప్పటికి అక్కడ చదువరానివా రరుదైరి.

అంతయు బంగారమని చెప్పుటలేదు. చదువుట వేరు, వ్రాయుట వేరు. మగపిల్లలు ఎట్లో కలము పట్టిరి గాని, ఆడపిల్లలకు వ్రాత అనవసరమని చాల యిండ్లలో తలచిరి. వ్రాతయు, లెక్కలును పిల్లలందరికి నేర్పవలెనని 1880లో చట్టము రావలసివచ్చెను. నిర్బంధవిద్య 1907లో వచ్చినప్పుడును, అది పదేండ్లు నిండినవారికే. అంతకు ముందటి చదువు ఇంటిదే. అనగా తల్లిదే. 1895లో బ్రీయెత్ బ్యార్న్‌హెదిన్స్‌దోత్తిర్ అను నామె స్త్రీలకై మాసపత్రిక నెలకొల్పినప్పుడు చదువుటకు పాఠకురాండ్రు పల్లెపల్లెన సిద్ధముగ నుండిరి. మన బండారు అచ్చమాంబగారు తమ్ముని చదువు చెంత కూర్చుండి ఇంటనే విద్య నేర్చి, 1901లో అబలాసచ్చరిత్ర రత్నమాల ప్రకటించుట దాదాపు ఆ దినములలోనిదే. అచ్చమాంబగారి దరఖాస్తు కాగితములో ఆ గడియందేమి వ్రాసియుందురో!

ఆ దీవి స్త్రీలను గూర్చి మరి రెండు ఘనతలు చిన్నవాని పుస్తకమున గలవు: 1975 అక్టోబరు 24న నూటికి తొంబదిమంది ఆడవారు ఇంటిపని, బయటిపని మాని వీధిలో నిలుచుట, 1980లో విగ్దిస్ ఫిన్‌బోగదోత్తిర్ ప్రజల యోటుచేత లోకమున మొట్టమొదటి స్త్రీ రాష్ట్రపతి యగుట. ఆ మొదటిదానిని గూర్చి చిన్నవాడు "ఆ రోజు అన్న మెవరు వండిరి?" అని యడిగెను. తండ్రులే వండిరట.

రెండవ ప్రపంచయుద్ధకాలమున అన్నిటికిని కొరతయై, కాగితముపై మాత్రము కట్టుబాట్లు తక్కువగా నుండుటచేత, వారు క్రిస్మసు కానుకగా పుస్తకము లిచ్చుట మొదలిడిరి. 1944 నుండి ఆ యేటి క్రొత్తపుస్తకముల పట్టికను ఇంటింటికి పంపుట ఆచారమైనది. డిసెంబరు 24 రాత్రి కానుకలు విప్పి చదువుకొందురు. పండుగకు ముందు పుస్తకములు వరదవలె వచ్చుటచేత దానికి పుస్తకముల వరద యనియే పేరు. మన పండుగలకు చీరెలవలె గదా!

అర్ని కూర్చిన గ్రంథములు కోపెన్‌హాగన్ నగరమున నుండెను. 1728లో ఆ నగరము తగులబడినప్పుడు ఆయన చేతనైనంత బయటికి మోయించెను. అచ్చుపుస్తకములు పెక్కు బూడిదైనవి. ఒకటిన్నర యేడు గడువకముందే ఆయన కన్నుమూసెను. దేశము స్వతంత్రమైన పిదప తమ గ్రంథములు తమకిమ్మని యడిగి యడిగి, 1971 ఏప్రిలు 21న మొదటి విడత పొందిరి. డెన్మార్కు నౌకాదళపు టోడ రేక్యవీక్ రేవునకు వచ్చునప్పటికి బడులు, అంగళ్లు మూసి వేలజనము నిలిచియుండిరి. ఓడనుండి దిగినది రాజుగారు కారు. గెలిచివచ్చిన యోధులు కారు. తోలుపుస్తకము లున్న పెట్టెలు. ఫ్లాటేయర్‌బోక్ వానిలో నొకటి. ఇది చదివిన రాత్రి మాకు గోదావరి రేవు మెట్లును, పసుపుగుడ్డ కట్టలును కలలోనికి వచ్చినవి.

కొన్నాళ్లుగా మా యింట సాయంకాలము దీపము పెట్టిన తరువాత, మేము చింతపండు గింజలు తీయుచు నుండగా పెద్దమ్మాయి బిగ్గరగ చదువుచున్నది. విరాటపర్వమునుండి కథకు కావలసిన పద్యములు ఏరితిమి. మొదటి రెండు దినములు తడబడి, విసిగి, గింజలే తీసెదనని మొరాయించెను. కీచకుడు ప్రవేశించిన తరువాత పిలువకయే వచ్చి కూర్చుండుచున్నది. చిన్నవాడు గింజలు లెక్కించి యేదో ఘనత స్థాపింప జూచుచు, మధ్యమధ్య "తరువాత?" అనుచున్నాడు. మా యింటివారు ప్రక్కగదిలో కాగితములు దిద్దుకొనుచున్నట్లు నటింతురు. నిన్న రాత్రి పిల్ల యొక పద్యపాదము తప్పు విరిచి చదువగా, గోడ కావలినుండి సరియైన విరుపు వినబడెను. అది మేము వారికి చెప్పిన విరుపే.

ఈ యుదయము దరఖాస్తు కాగితము సంతకమునకై మరల మా పెట్టెమీద నుండెను. "లేదు" అనుదానిని అడ్డముగ కొట్టివేసి, చోటు చాలక గడి దాటి వెలుపలికి పోవునట్లు చిన్న యక్షరములతో వ్రాసిరి: ఇంట చదివినది, అమరము, రఘువంశము, భారతము, భాగవతము. మేము సంతకము చేసితిమి. గడి దాటిన వ్రాతను ఆ పాఠశాలవారు ఒప్పుకొందురో, వేరొక కాగితము తెమ్మందురో సోమవారము తెలియును.